వద్దన్నవారిని మరచిపోయే వెబ్‌సైట్లు

ఈ రోజుల్లో ఏ వెబ్‌సైటు తెరిచినా, చదవడానికి వచ్చిన విషయం కంటే ముందు రెండు పెట్టెలు అడ్డం వస్తున్నాయి. మొదటిది కుకీలకు అనుమతి అడుగుతుంది, రెండోది మన అభిప్రాయం అడుగుతుంది. మొదటిదాన్ని కంపెనీలో లీగల్ వాళ్ళు పెట్టమంటారు, రెండోదాన్ని మార్కెటింగ్ వాళ్ళు పెట్టమంటారు, రెండింటికీ కోడు రాసేది మాత్రం మాలాంటివాళ్ళం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపున్న ఒక చిన్న సంస్థలో ఫ్రంటెండ్ పని, అంటే సైటులో తెర మీద కనిపించే భాగానికి కోడు రాసే పని, చేస్తున్నాను కనుక, ఈ పెట్టెలు ఎవరి కోరికతో పుడతాయో, వాటిలో మనం నొక్కిన జవాబు తరువాత ఎక్కడికి పోతుందో దగ్గర నుంచి చూస్తూ ఉంటాను. చూసిన కొద్దీ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: ఈ పెట్టెలు "సరే" అన్నవాళ్ళను శ్రద్ధగా గుర్తుపెట్టుకుంటాయి, "వద్దు" అన్నవాళ్ళను మరచిపోయి మళ్ళీ అడుగుతాయి. ఇది యాదృచ్ఛికంగా జరిగేది కాదు, అలా జరిగేటట్టు ఎవరో ఒకరు నిర్ణయించినందువల్లే జరుగుతోంది.

ముందుగా కుకీ సంగతి చెప్పాలి. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ అడిగి తీసుకున్న మనిషే తరువాతి పేజీ కూడా అడుగుతున్నాడని పేజీలు పంపే కంప్యూటరుకు, అంటే సర్వరుకు, తనంతట తానుగా తెలియదు. 1994లో బ్రౌజరు తయారుచేసే నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి అనే ఇరవై మూడేళ్ళ ప్రోగ్రామరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఎంసీఐ అనే టెలిఫోను కంపెనీ ఆన్‌లైన్ దుకాణం కట్టించుకుంటూ, సగంలో ఆగిన కొనుగోళ్ళ వివరాలను తమ సర్వర్లలో దాచుకోవడం తమకు ఇష్టం లేదని చెప్పడంతో, ఆ వివరాన్ని కొనేవాడి కంప్యూటరులోనే చిన్న చీటీగా ఉంచే పద్ధతి వచ్చింది. ఆ చీటీయే కుకీ. కాలక్రమంలో ఆ చీటీలో వివరాలకు బదులు ఒక నంబరు ఉంచడం ఎక్కువైంది. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను ఎలాంటిదో ఇదీ అలాంటిదే: టోకెను మీద అంకె తప్ప ఏమీ ఉండదు, ఆ అంకెకు ఏ జత చెందుతుందో స్టాండు వాడికే తెలుస్తుంది. కాబట్టి కుకీ అనగానే ఏదో వైరస్ అన్నట్టు భయపడేవారి భయం సరైనది కాదు. ఒక కుకీ పరిమాణం నాలుగు కిలోబైట్ల లోపే ఉంటుంది, అది తనంతట తాను ఏ పనీ చేయదు. లాగిన్ అయి ఉండటం, కొనడానికి బుట్టలో వేసిన వస్తువులు నిలిచి ఉండటం, ఎంచుకున్న భాష గుర్తుండటం అన్నీ దాని చలవే.

చిక్కంతా మూడో పక్షంతో వచ్చింది. ఒక పేజీలో ప్రకటన కనిపించే ముక్క వేరే కంపెనీ సర్వరు నుంచి వస్తుంది, వచ్చేటప్పుడు తన టోకెను కూడా ఇచ్చిపోతుంది. అదే కంపెనీ ప్రకటనలు వేల సైట్లలో ఉంటే, ఒకే నంబరు మనిషి ఏయే సైట్లలో తిరిగాడో ఆ కంపెనీ దగ్గర జాబితా తయారవుతుంది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు అద్దె ఇల్లు వెదికినవాడికి గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెప్పే పేజీలో కూడా అద్దె ఇళ్ళే కనిపించడం ఇందువల్లనే. ఈ ప్రమాదాన్ని ముందుగా ఎవరూ ఊహించలేదనడానికి వీల్లేదు. 1997లో వచ్చిన మొదటి కుకీ ప్రమాణపత్రమే, మూడో పక్షం కుకీలను బ్రౌజర్లు మామూలుగా అనుమతించకూడదని చెప్పింది. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ ఆ మాటను పక్కన పెట్టాయి. ఇరవై ఏళ్ళు గడిచాక 2017లో యాపిల్ తన సఫారీ బ్రౌజరులో వీటికి కళ్ళెం వేయడం మొదలుపెట్టి 2020 నాటికి పూర్తిగా ఆపింది. ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారి పట్టింది. గూగుల్ మాత్రం 2020 జనవరిలో, రెండేళ్ళలో క్రోమ్ నుంచి తీసేస్తామని ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. వాయిదాలకు కారణాలేమి చెప్పినా, ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలోనే బ్రౌజరు కూడా ఉంటే ఇంతకంటే భిన్నంగా జరుగుతుందని నేనైతే ఆశించలేదు.

అనుమతి అడిగే పెట్టె మాత్రం యూరపు నుంచి వచ్చింది. 2002 నాటి ఈ-ప్రైవసీ ఆదేశాన్ని 2009లో సవరించి, అవసరమైనవి తప్ప మిగిలిన కుకీలకు ముందుగా సమ్మతి కావాలన్నారు. 2018 మే 25న అమలులోకి వచ్చిన జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం, సమ్మతి అంటే ఏమిటో కట్టుదిట్టంగా నిర్వచించింది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కించరాదని 2019 అక్టోబరులో యూరోపియన్ న్యాయస్థానం ప్లానెట్49 కేసులో తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, కాదనడానికి నాలుగు నొక్కులు పెట్టడం కుదరదంటూ ఫ్రాన్సులో గోప్యత వ్యవహారాలు చూసే నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. అయినా సైట్ల తీరు పెద్దగా మారలేదు. బ్రిటన్‌లో ఎక్కువమంది చూసే పదివేల సైట్లను తీసుకుని, వాటిలో పేరున్న సమ్మతి పెట్టెలు వాడుతున్నవాటిని పరిశీలించిన ఒక పరిశోధనాపత్రం 2020లో వచ్చింది. చట్టం కోరే కనీస షరతులను పాటించినవి అందులో 11.8 శాతమేనని తేలింది.

మన దగ్గర పరిస్థితి ఇంకొంచెం విచిత్రంగా ఉంటుంది. క్రోమ్‌లో డెవలపర్ పరికరాలు తెరిచి, అప్లికేషన్ అనే ట్యాబులో కుకీల జాబితా చూస్తే, పేరు, విలువ, డొమైన్, గడువు అనే గళ్ళు వరుసగా కనిపిస్తాయి. ఇటీవల ఒక వంటల సైటును ఇలా తెరిచి, అనుమతి పెట్టెను ముట్టుకోకుండానే చూశాను. జాబితా అప్పటికే కిందికి జారుతోంది. డొమైన్ గడిలో సైటు సొంత పేరు పైన కొద్దిసార్లే ఉంది, ఆ కింద అన్నీ మామూలు పాఠకుడు ఎన్నడూ విని ఉండని కంపెనీల పేర్లే. గడువు గడిలో ఏడాదికి పైబడిన తేదీలు కూడా ఉన్నాయి. అంటే "మీ అనుమతి కావాలి" అని పేజీ అడుగుతున్న సమయానికే పని పూర్తయింది. ఆ తరువాత "వద్దు" నొక్కి పేజీని మళ్ళీ తెరిచినా జాబితాలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. యూరపు సైటు నుంచి ఆ పెట్టె రూపాన్ని తెచ్చుకున్నారు గాని, దాని వెనుక ఉండవలసిన తాళాన్ని తెచ్చుకోలేదు.

ఇక "వద్దు" అన్నది ఎందుకు నిలవదో చెబుతాను. కుకీలు వద్దని మీరు చెప్పిన సంగతి గుర్తుండాలన్నా దాన్ని ఎక్కడో రాసిపెట్టాలి, ఆ రాసిపెట్టేది కూడా చాలాసార్లు ఒక కుకీలోనే. ప్రైవేటు విండోలో చదివేవాళ్ళకూ, బ్రౌజరు మూసినప్పుడల్లా కుకీలు చెరిపేసుకునేవాళ్ళకూ ఆ చీటీ మిగలదు కనుక ప్రతిసారీ ప్రశ్న కొత్తగా ఎదురవుతుంది. తమ గోప్యత గురించి అందరికంటే ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్ళనే ఈ పెట్టె అందరికంటే ఎక్కువసార్లు విసిగిస్తుంది. సఫారీ వాడేవాళ్ళకు ఇంకొక తిప్పలు ఉంది. పేజీతో పాటు వచ్చి బ్రౌజరులోనే నడిచే జావాస్క్రిప్టు కోడు రాసిన కుకీలను సఫారీ ఏడు రోజులకు మించి ఉంచదు. ట్రాకర్లను అడ్డుకోవడానికి పెట్టిన నియమమే అయినా, పెట్టెను రాసినవాళ్ళు జవాబును సర్వరు ద్వారా కాక జావాస్క్రిప్టు ద్వారా దాచి ఉంటే, వారం గడిచాక వచ్చిన ఐఫోను పాఠకుడికి పెట్టె మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

ఇంతవరకు సాంకేతిక కారణాలే అనుకోవచ్చు. వీటికి పైన మనుషులు చేసే నిర్ణయం ఒకటుంది. సమ్మతి పెట్టెలు అమ్మే కొన్ని సాఫ్ట్‌వేర్లలో "సరే" అన్న జవాబుకు ఎంత గడువు, "వద్దు" అన్న జవాబుకు ఎంత గడువు అని వేరువేరుగా నింపే గళ్ళు ఉంటాయి. మొదటిదానికి ఏడాది, రెండోదానికి ఒక్క రోజు అని నింపినా ఆ సాఫ్ట్‌వేరు కిక్కురుమనదు. రెండు జవాబులనూ ఆరు నెలల పాటు సమానంగా నిలిపి ఉంచడం మంచి పద్ధతని ఫ్రాన్సు నియంత్రణ సంస్థ సూచించింది. ఆ సూచనను మీటింగులో చదివి వినిపిస్తే, మనం ఫ్రాన్సులో లేము కదా అని జవాబు వస్తుంది.

అభిప్రాయం అడిగే పెట్టెది మరో కథ. తెర మీద తనంతట తాను తెరుచుకునే కిటికీకి మొదటి కోడు రాసినవారిలో ఒకడైన ఈథన్ జకర్‌మన్ 2014లో ఆ పనికి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ట్రైపాడ్ అనే సంస్థలో ఉండగా, అభ్యంతరకరమైన పేజీలో తమ ప్రకటన కనిపించిందని ఒక కార్ల కంపెనీ గొడవ చేస్తే, ప్రకటనను పేజీ నుంచి విడదీసి వేరే కిటికీలో చూపించడం కోసం అది రాశాడట. ఆయన క్షమాపణ చెప్పినా కిటికీ మాత్రం రూపం మార్చుకుని సర్వేగా స్థిరపడింది.

మా అపార్టుమెంటులో హిందూపురం నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక రిటైర్డు లెక్కల మాస్టారు ఉన్నారు. సాయంత్రం వేళ కింద బెంచీ మీద కూర్చుని ఫోనులో వార్తలు చదువుతారు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫోను నా ముందు పెట్టి, "ఇదేందో చూడు నాయనా, చదవనీయకుండా పరీక్ష పెడుతోంది" అన్నారు. చదువుతున్న తెలుగు వార్త మీద ఇంగ్లీషులో ఒక పెట్టె ఉంది. ఈ సైటును మీ మిత్రులకు సిఫారసు చేసే అవకాశం ఎంత అని అడుగుతూ, కింద 0 నుంచి 10 వరకు పదకొండు చిన్న గళ్ళు ఇరికించి ఉన్నాయి. ప్రశ్న ఏమిటో నేను చెప్పగానే మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి 6 మీద వేలు పెట్టారు. "ఫస్ట్ క్లాసు వేసినాను. అక్షరాలు ఇంకొంచెం పెద్దగా ఉంటే ఏడు వేసుండేవాణ్ణి" అన్నారు.

ఈ ప్రశ్న వెనుక ఉన్న లెక్క తెలిసినవాడిని కనుక నాకు నవ్వు వచ్చింది. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే మేనేజ్‌మెంట్ సలహాదారు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రవేశపెట్టిన నెట్ ప్రమోటర్ స్కోరు పద్ధతి ఇది. 9, 10 వేసినవాళ్ళు మనను పదిమందికీ మెచ్చుకునేవాళ్ళు, 7, 8 వేసినవాళ్ళు తటస్థులు, 0 నుంచి 6 వరకు వేసినవాళ్ళందరూ మనను నిందించేవాళ్ళు. మెచ్చుకునేవాళ్ళ శాతం నుంచి నిందించేవాళ్ళ శాతం తీసివేస్తే వచ్చేదే స్కోరు. 35 వస్తే పాసు, 60 వస్తే ఫస్ట్ క్లాసు అన్న లెక్కలో జీవితమంతా పేపర్లు దిద్దిన మనిషి ఆలోచించి, న్యాయంగా ఇచ్చిన ఫస్ట్ క్లాసు, ఆ సైటు నివేదికలో సున్నా వేసినవాడి పక్కన పడింది. ఈ సంగతి చెబితే మాస్టారు కళ్ళద్దాలు తీసి, "అట్లయితే దిద్దేవాడికే లెక్క రాదు నాయనా" అని తేల్చేశారు. ఆ స్కోరు పడిపోయిందని ఏ మీటింగులో ఎవరు ఎవరిని నిలదీశారో మనకు తెలియదు. అక్షరాలు చిన్నవన్న అసలు ఫిర్యాదు చెప్పడానికి మాత్రం ఆ పెట్టెలో చోటే లేదు.

ఎవరు జవాబిస్తారన్నది ఇంకా పెద్ద చిక్కు. పేజీ తెరిచిన కొద్ది క్షణాలకే దూకే సర్వేకు, ఇంకా ఏమీ చదవనివాడు ఏమని చెప్పగలడు? తొందరలో ఉన్నవాడు మూసేస్తాడు, కోపంగా ఉన్నవాడూ మరీ తీరిక ఉన్నవాడూ నింపుతారు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి ఓటు కార్డులు పంపి, తిరిగి వచ్చిన దాదాపు 24 లక్షల కార్డులను లెక్కపెట్టి అధ్యక్ష ఎన్నికలో లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు ఎవరికి పంపారన్నది ఒక లోపమైతే, ఎవరు తిరిగి పంపారన్నది అంతకు తక్కువ కాని లోపం. లక్షల్లో జవాబులు వచ్చినా దక్కని నిజం, దారిన పోయేవాళ్ళను ఆపి అడిగే పెట్టెకు దక్కుతుందని నమ్మడం కష్టం. మూసే బొత్తానికి "నాకు మంచి సేవ అవసరం లేదు" వంటి మాటలు పెట్టి మనల్ని సిగ్గుపడేటట్టు చేసే సైట్లు కూడా ఉన్నాయి. 2023 నవంబరు 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాల్లో పదమూడు రకాల మోసపు డిజైన్లను పేర్కొన్నారు. ఇలా సిగ్గుపెట్టడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగి వేధించడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఏమిటంటే, ఇన్ని ప్రశ్నలు వేసే సైట్లు బ్రౌజరు ముందుగానే చెప్పిన జవాబును చదవవు. ఫోను భాష తెలుగుగా పెట్టుకున్నవాళ్ళ బ్రౌజరు, పేజీ అడిగిన ప్రతిసారీ తనకు కావలసిన భాషల వరుసను యాక్సెప్ట్-లాంగ్వేజ్ అనే ఒక పంక్తిలో సర్వరుకు పంపుతుంది. ముందు తెలుగు, లేకపోతే ఇంగ్లీషు అని అందులో స్పష్టంగా ఉంటుంది. దానికి కుకీ అక్కరలేదు, సర్వే అసలే అక్కరలేదు. అయినా మా మారతహళ్ళిలో, వీధికి రెండు ఆంధ్రా మెస్సులున్న చోట, చాలా సైట్లు నెట్‌లో మన పరికరానికి ఉండే నంబరు, అంటే ఐపీ చిరునామా, చూసి ఊరు బెంగళూరు కాబట్టి కన్నడమని, మరికొన్ని దేశం ఇండియా కాబట్టి హిందీ అని నిర్ణయించేస్తాయి. మొబైలు డేటా మీద ఉంటే ఆ ఊహ కూడా సరిగ్గా నిలవదు, ఎందుకంటే సిమ్ కంపెనీ నెట్‌లోకి దారి ఇచ్చే గేట్‌వే ఏ ఊళ్ళో ఉంటే మనిషి ఆ ఊళ్ళో ఉన్నట్టు సర్వరుకు కనిపిస్తాడు. మాస్టారి ఫోను తెలుగులోనే ఉంది, ఆయన చదువుతున్నది తెలుగు వార్తే, అయినా సర్వే మాత్రం ఇంగ్లీషులో వచ్చింది.

నా వెంట పడవద్దు అనే మాటను కూడా బ్రౌజరు ద్వారానే ఒక్కసారి చెప్పే ప్రయత్నం జరగకపోలేదు. 2009లో ప్రతిపాదించిన డు నాట్ ట్రాక్ సంకేతాన్ని పాటించడం సైట్ల ఇష్టానికి వదిలేశారు, ఇష్టపడినవాళ్ళు తక్కువ కావడంతో వెబ్ ప్రమాణాల సంఘం 2019లో ఆ పనిని మూసేసింది. 2020లో వచ్చిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అదే ఆలోచన అయినా, కాలిఫోర్నియాలో దానికి చట్టం తోడైంది. ఆ సంకేతాన్ని లక్ష్యపెట్టకపోవడం కూడా ఒక ఆరోపణగా ఉన్న కేసులో సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీ 2022లో 12 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. 2027 నుంచి బ్రౌజర్లలోనే ఇటువంటి మీట ఉండాలని ఆ రాష్ట్రం 2025లో మరో చట్టం చేసింది. ఒకే మాటను ఒకే చోట చెప్పి, అన్ని సైట్లూ వినేటట్టు చేయడానికి సాంకేతికంగా అడ్డమేమీ లేదని దీనివల్ల తెలుస్తూనే ఉంది.

మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో కుకీ అన్న మాట ఎక్కడా లేదు. కాని ఒక వ్యక్తిని గుర్తించడానికి వీలిచ్చే సమాచారమంతా దాని పరిధిలోకి వస్తుంది కనుక, మనిషికి ముడిపడిన కుకీ నంబర్లు బయట ఉండిపోతాయని నేను అనుకోను. సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలనీ, ఇచ్చినంత తేలికగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలనీ ఆ చట్టం చెబుతుంది. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లల వెంటపడి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గాని చదువుకునే వీలు కల్పించాలంటుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్ధెనిమిది నెలల గడువు ఇచ్చారు.

ఆ గడువు దృష్టిలో పెట్టుకుని మా ఆఫీసులో ఒక క్లయింటు సైటుకు తెలుగు నోటీసు రాసే పని నా మీద పడింది. లీగల్ వాళ్ళు పంపిన ఇంగ్లీషు పాఠం ఒక పేజీన్నర ఉంది. మాస్టారికి చదివి వినిపిస్తూ, ఆయన అడ్డం తగిలిన చోటల్లా కత్తిరిస్తూ వచ్చాక మిగిలింది ఇది: "ఈ సైటు నడవడానికి కావలసిన కుకీలు ఇప్పటికే మీ ఫోనులో ఉన్నాయి. మీరు ఏయే పేజీలు చూశారో ప్రకటనల కంపెనీలకు తెలిపే కుకీలను మీరు ఒప్పుకుంటేనే పెడతాము. వద్దంటే ఆరు నెలల వరకు మళ్ళీ అడగము." కింద రెండు బొత్తాలు, ఒకే పరిమాణంలో, ఒకే రంగులో, "ఒప్పుకుంటున్నాను", "వద్దు". పేజీ అడుగున, ఎప్పుడైనా మనసు మార్చుకోవడానికి ఒక లింకు. లీగల్ వాళ్ళు పాఠానికి ఒప్పుకున్నారు. మార్కెటింగ్ వాళ్ళు ఆరు నెలలన్న మాట తీసేయమంటున్నారు, మొదటి బొత్తానికి ఆకుపచ్చ రంగు అడుగుతున్నారు. రంగు సంగతి వచ్చే సోమవారం మీటింగుకు వాయిదా పడింది. ఆరు నెలల గడువును సర్వరు వైపు కోడులో నేను ఇప్పటికే రాసిపెట్టాను.